ఒకే క్లబ్బు, పద్నాలుగేళ్లు

ఎడిటర్ గారికి,

మీ ఆటల పేజీ నిండా ఐపీఎల్ వేలం లెక్కలే చూస్తుంటే నాకు ఫుట్‌బాల్ ఆటగాడు చునీ గోస్వామి గుర్తొచ్చాడు. 1954 నుంచి 1968 దాకా కోల్‌కతా క్లబ్బు మోహన్ బగాన్ ఒక్కదానికే ఆడాడు, చిన్నప్పుడు జూనియర్ జట్టులో చేరింది కూడా అక్కడే. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో కొట్టి బంగారం తెచ్చిన మన టీముకు ఆయనే కెప్టెన్, కోచ్ ఏమో మన హైదరాబాద్ రహీం సాబ్, జట్టులో మన సికింద్రాబాద్ బలరాం. (చునీ తర్వాత బెంగాల్‌కు రంజీ క్రికెట్ కూడా ఆడాడు, అది వేరే ముచ్చట.) మా నాయన ట్రంకు పెట్టెలో, పాత పాసుబుక్కు మధ్య, చునీ ఫొటో ఉన్న పేపర్ ముక్క ఉండేది, మడత దగ్గర చిరిగి మొహం సగమే కనిపించేది. మా మనవడికి మెస్సీ క్లబ్బులన్నీ నోటికొచ్చు, రహీం సాబ్ ఎవరంటే మాత్రం దిక్కులు చూస్తడు. ఆదివారం పేజీలో అర కాలమైనా వీళ్ల గురించి రాయండి సార్.

– ఒక పాత పాఠకుడు, నల్గొండ