రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ: డొంకలో కందకం తవ్వడం ఎవరి సరదా?

గౌరవనీయులైన రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పల్నాడు వైపు ఒక ఊరి నుంచి చెరువు మీదుగా కొండ దాకా వెళ్లే డొంక, అంటే పొలాల మధ్య బండ్లు పోయే పాత మట్టి దారి గురించి ఇది రాస్తున్నాను. ఊరి పేరు, సర్వే నంబరు, పొలాల కొలతలు గీసి ఉంచే పాత ఎఫ్‌ఎంబీ నకలు, ఫొటోలు అన్నీ మేము ఇచ్చిన అర్జీలలో ఉన్నాయి. అవి కార్యాలయాల్లో ఏ బీరువాలో ఉన్నాయో మాకు తెలియదు కాబట్టి ఈసారి ఊరి పేరు లేకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాను. పేరు లేకపోతే ప్రతి మండలం వారూ ఇది తమ ఊరి సంగతే అనుకునే ప్రమాదం ఉంది. అనుకుంటే అనుకోనివ్వండి.

మేము జీపులు నడిపేవాళ్లం. పాత మహీంద్రాలు, జిప్సీలు, ఈ మధ్య కొన్న థార్లు. మాలో ట్రాక్టర్ మెకానిక్ ఉన్నాడు, బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు, మిర్చి కమీషన్ వ్యాపారి ఉన్నాడు. ఆదివారం వస్తే తారు రోడ్డు దిగి డొంకలూ పుంతలూ చెరువు కట్టలూ పట్టుకుని కొండల దాకా వెళ్లడం మా అలవాటు. ఈ సంగతి దాచిపెట్టి రైతు బిడ్డలమని చెప్పుకుంటూ అర్జీ పెట్టి ఉంటే పని అయ్యేదేమో. ఉన్నమాట రాశాం. దాంతో మొదటి కార్యాలయంలోనే మాకు సమాధానం దొరికింది: "మీ జీపుల సరదాకు ప్రభుత్వం దారులు వెతికి పెట్టాలా?"

అయ్యా, సరదానే. కాదన్నదెవరు? కానీ దారిలో నడిచేవాడు ఎందుకు నడుస్తున్నాడో చెప్పుకోవాలని ఏ చట్టంలో ఉంది? 1905 నాటి భూ ఆక్రమణల చట్టం రెండో సెక్షన్ దారులు, బాటలు, వాటి పక్కనున్న కాలువలు అన్నీ ప్రభుత్వ ఆస్తి అంటుంది. గడ్డి మోపుతో పోయేవాడికి ఒక హక్కు, జీపులో పోయేవాడికి ఇంకో హక్కు అని అందులో లేదు. గుడికి వెళ్లే ఆవిడను "మీ భక్తికి దారి కావాలా" అని అడగరు కదా. మమ్మల్ని అడిగారు. నవ్వుతూ అడిగారు. ఆ నవ్వు తర్వాత మా కాగితం చదవడం ఎవరికీ అవసరం అనిపించలేదు.

ఆ డొంక పాత ఎఫ్‌ఎంబీలో 40 లింకుల వెడల్పు, అంటే 26 అడుగుల పైమాటే. రెండు వైపులా హద్దురాళ్లు ఉండేవి. మొన్నటి దాకా పత్తి బళ్లు, ట్రాక్టర్లు, గొర్రెల మందలు, ఆదివారాల్లో మేము, అందరం ఆ దారినే వెళ్లాం. తర్వాత దాని పక్క పొలాలు కలిపి ఒకరు ఫాం ల్యాండ్ వెంచర్ వేశారు. ముందు ముళ్లకంచె వచ్చింది. కంచెకు గేటు వచ్చింది. గేటు పక్క నుంచి మనుషులు దూరి వెళ్తున్నారని పొక్లెయిన్ తెచ్చి అడ్డంగా కందకం తవ్వారు. తవ్విన మట్టిని అవతలి పక్కనే కుప్ప పోశారు. దాని మీద ఇప్పుడు సర్కారు తుమ్మ మొలిచింది. డొంక హద్దురాళ్లలో ఒకటి కాపలాదారు గది ముందు బోరు దగ్గర ఉంది. వాళ్లావిడ దాని మీద బట్టలు ఉతుకుతోంది. రాయి మీద బాణం గుర్తు సబ్బు నురుగులోంచి కనిపిస్తూనే ఉంది. ఫొటో తీసి అర్జీకి జత చేశాం. ఆమె తప్పేమీ లేదు. చదునైన రాయి చేతికి అందింది, వాడుకుంటోంది. ఆ రాయి అక్కడికి ఎలా వచ్చిందని ఆమెను కాదు, సర్వే శాఖను అడగాలి.

భూముల రీ సర్వే గురించి మీకు నేను చెప్పేదేముంది? 2020 డిసెంబరులో మొదలైనప్పటి నుంచి డ్రోన్లు, రోవర్లు, సెంటీమీటర్ల లెక్క అని వింటూనే ఉన్నాం. గొలుసులు పట్టుకుని ఎండలో నడిచి కొలిచిన బ్రిటిషు కాలపు సర్వేయర్ల కంటికి ఆనిన 26 అడుగుల దారి ఆకాశంలోంచి చూసిన యంత్రానికి ఆనలేదు! కొత్త ల్యాండ్ పార్సిల్ మ్యాపు (ఎల్‌పీఎం)లో ఆ చోట డొంక లేదు. రెండు పక్కల పొలాలూ మధ్యలో కలిసిపోయి ఒకే ఎల్‌పీఎం నంబరుగా ఉన్నాయి. ఇది ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. ప్రతి పట్టాదారుకూ నోటీసు వెళ్తుంది, వచ్చి తన హద్దు చూపించుకుంటాడు. డొంకకు నోటీసు ఎవరు అందుకుంటారు? దాని తరఫున పొలంలో నిలబడవలసినవాడు ప్రభుత్వ మనిషి. ఆయన ఆ రోజు ఎక్కడ ఉన్నాడో ఆయనకే తెలియాలి. రాని పట్టాదారు సెంటు భూమి పోగొట్టుకుంటే లబోదిబోమంటూ మీ దగ్గరికి వస్తాడు. ప్రభుత్వం తన దారిని పోగొట్టుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

గత ప్రభుత్వం హద్దురాళ్ల మీద ముఖ్యమంత్రి బొమ్మ చెక్కించింది. మీరు వచ్చాక ఆ బొమ్మలు చెరిపించే పని పెట్టుకున్నారు. మంచిదే, రాయి మీద ఎవరి బొమ్మా ఉండకూడదు. కానీ రాయి మీద ఏముందన్న దానిపై రెండు ప్రభుత్వాలు పెట్టిన శ్రద్ధలో పదో వంతు, రాయి ఎక్కడ ఉందన్న దానిపై పెట్టి ఉంటే ఈ లేఖ అవసరం ఉండేది కాదు.

ఇక అర్జీల కథ. ప్రజా సమస్యల పరిష్కార వేదికలో సోమవారం వరుసలో నిలబడి ఇచ్చాం. రసీదు ఇచ్చారు, మర్యాదగా కూర్చోబెట్టారు, అది ఒప్పుకుంటాను. కొన్నాళ్లకు ఫోనుకు సందేశం: మీ అర్జీ పరిష్కరించబడింది. పరుగెత్తుకుంటూ వెళ్లి చూస్తే కందకం కందకంలాగే ఉంది. గేటుకు మాత్రం కొత్త తాళం వేశారు. పరిష్కారం అంటే అదేనేమో! మళ్లీ తెరిపించాం. ఈసారి కాగితం వచ్చింది. అర్జీదారులు ఆ గ్రామస్థులు కారనీ, వారికి అక్కడ భూమి లేదనీ రాశారు. ప్రభుత్వ దారి గురించి ఫిర్యాదు చేయడానికి పక్కన పొలం ఉండాలన్నమాట. మళ్లీ వెళ్లాం. ఈసారి వచ్చిన సమాధానం చదివి మాకు కోపం కూడా రాలేదు: "సదరు డొంక క్షేత్రస్థాయిలో వాడుకలో లేదు." కందకం తవ్వి, గేటు పెట్టి, తాళం వేస్తే వాడుకలో ఎలా ఉంటుంది స్వామీ? పీక నొక్కి పట్టుకుని, వీడు పాడటం లేదు కాబట్టి వీడికి గొంతు లేదని రాసినట్టుంది.

ఆ తర్వాత చెప్పిన మాట ఇంకా బాగుంది. గ్రామంలోని దారులు పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీవి, అక్కడ అడగండి అన్నారు. పంచాయతీలో అడిగితే అది పోరంబోకు, రెవెన్యూది, మా రిజిస్టరులో లేదన్నారు. రెవెన్యూకి తిరిగి వస్తే హద్దులు తేలాలి, సర్వే చేయించాలి, హద్దులు కొలిపించుకునే ఎఫ్ లైన్ అర్జీ పెట్టుకోండి అన్నారు. పెట్టబోతే, పట్టాదారు మాత్రమే పెట్టాలన్నారు. డొంకకు పట్టాదారు ఎవరండీ? ప్రభుత్వం. అంటే ఆ అర్జీ పెట్టుకోవలసింది మీరు. దయచేసి పెట్టండి. రుసుము కట్టడానికి ఖజానాలో ఇబ్బంది ఉంటే మేము చందాలు వేసుకుని కడతాం, రసీదు మీ పేరునే తీసుకోండి.

మామీద ఉన్న ఆరోపణలు కూడా నాకు తెలుసు. జీపుల వాళ్లు చెరువుల్లో దిగి, పొలాల్లో తొక్కి, రీల్స్ తీసుకుంటారని. నిజమే, అలాంటివారు ఉన్నారు. నాటిన చేలో బండి తిప్పినవాడికి జరిమానా వేయండి, బండి పట్టుకుపోండి, మేము వచ్చి సాక్ష్యం చెబుతాం. మా బృందంలో వాన పడిన వారం నల్లరేగడి డొంకలోకి ఎవరూ దిగరు. తడి రేగడిలో మా టైర్లు తీసిన గాడి ఎండలో గట్టిపడితే తర్వాత వచ్చే ఎడ్లబండి ఇరుసు విరుగుతుంది. ఇది మాకు ఎవరూ చట్టం పెట్టి నేర్పలేదు. ఎక్కడ పడితే అక్కడ దిగేవాడికి డొంక అక్కరలేదు. డొంకలోనే నడవాలనుకునేవాడికే అది కావాలి. దారి మూసేస్తే మొదటివాడికి పోయేదేమీ లేదు, పక్క చేలోంచి పోతాడు.

అడవిలోకి వదలమని కూడా మేము అడగడం లేదు. నల్లమలలో పులుల అభయారణ్యం ఉంది, దానికి 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది, అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు. వెళ్లం. పులికి ఇచ్చిన చోటు పులికి ఉండాలి. మా బాధ అంతా మనిషికి ఇచ్చిన చోటు గురించి. ఒకటి గమనించండి, అటవీ శాఖ గేటు పెడితే దాని మీద బోర్డు ఉంటుంది, ఏ చట్టమో, ఎవరిని అడగాలో రాసి ఉంటుంది. ఈ గేటు మీద "కుక్కలున్నవి జాగ్రత్త" అని ఉంది.

మమ్మల్ని వదిలేయండి, మాకు ఇంకో కొండ దొరుకుతుంది. ఆ కందకానికి అవతల పొలాలున్న చిన్న రైతులు ఉన్నారు. కోత యంత్రం అటు పోదు. ట్రాక్టర్ పోదు. మిర్చి టిక్కీలను, అంటే బస్తాలను, కందకం మీద రెండు తాటి మొద్దులు వేసి, ఒక్కొక్కటీ భుజాన పెట్టుకుని దాటిస్తున్నారు. ఒక పెద్దాయన కౌలుకు ఇద్దామంటే దారి లేని పొలం ఎవరికి కావాలి, అడిగేవారే లేరు. అమ్ముదామంటే కొనేది ఎవరో మీరే ఊహించండి. ఆయన చేత అర్జీ మీద సంతకం పెట్టించాలని వెళ్లాం. "నాయనా, మీరు ఆదివారం వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతారు, నేను ఇక్కడే ఉండాలి" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. అందుకే సంతకాలు మావే ఉన్నాయి. అందుకే ఇది సరదా అర్జీ అయింది. ఈ డొంక పోయిందని ముందు బయటికి చెప్పింది మేము కావడానికి కారణం కూడా అదే. మాకు ఆ వెంచర్ వారితో అప్పు లేదు, పని లేదు, పొలం గట్టు తగాదా లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా జీపుల్లో అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు వేసుకుని నీళ్లలో తిరిగాం. అప్పుడు మమ్మల్ని ఆపి ఇది సరదానా, అవసరమా అని ఎవరూ అడగలేదు. అప్పుడు ఎత్తు టైర్లకు కూడా తనిఖీ లేదు. అర్జీ మళ్లీ తెరిపించిన వారంలోనే మా బళ్ల కాగితాలు, బంపర్లు, టైర్లు ఎంత శ్రద్ధగా పరిశీలించారో చెబితే మీరు నమ్మరు. నిబంధనలకు విరుద్ధంగా బండి మారిస్తే జరిమానా కట్టాలి, కడతాం. ఆ శ్రద్ధ ఆ గేటు దగ్గర ఎందుకు లేదు?

2011 జనవరిలో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించడానికి పథకాలు వేసుకోమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఎన్నాళ్లుగా ఆక్రమించారు, ఎంత ఖర్చు పెట్టారు అన్నది సాకు కాదని కూడా చెప్పింది. ఆ తీర్పు మీ అధికారులకు తెలియదని నేను అనుకోను. సామాన్యుడు పోరంబోకులో రేకుల పాక వేస్తే తెల్లారేసరికి ఆ తీర్పు వారికి కంఠతా వస్తుంది.

మేము అడిగేది ఖర్చులేని పని. మీ ప్రభుత్వం గుంతలు లేని రోడ్ల కోసం తంటాలు పడుతోంది. ఈ రాష్ట్రంలో రోడ్డు వేయవద్దని వేడుకునే పౌరులు బహుశా మేమొక్కరమే. తారు వద్దు, గ్రావెల్ వద్దు, శిలాఫలకం అసలే వద్దు. గుంతలు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి, అవి మాకు కావాలి. కందకం పూడ్పించండి, గేటు తీయించండి, హద్దురాళ్లు వాటి చోట పెట్టించండి. డొంకను ఎల్‌పీఎంలో తిరిగి చూపించండి. ఇంకా రీ సర్వే జరగని గ్రామాల్లో సర్వే పూర్తయిందని ప్రకటించే 13 నోటిఫికేషన్ ఇచ్చే ముందు పాత గ్రామ పటంలోని ప్రతి డొంక, పుంత, బండ్ల బాట కొత్త పటంలో ఉందా లేదా అని ఒక మనిషి చేత ఒక పూట సరిచూపించండి. లేనిచోట ఎందుకు లేదో గ్రామసభలో చదివించండి. కందకం పూడ్పించండి అని ముందే అన్నానా? మళ్లీ అంటున్నాను.

సర్వేయరు వెళ్లడానికి వాహనం లేదని ఫైలు మీద రాసి ఉందని విన్నాం. మా దగ్గర జీపులు ఉన్నాయి, డీజిల్ మాదే, డ్రైవరుగా నేనే వస్తాను. కందకం దాకా తీసుకెళ్లి దింపుతాను. అక్కడి నుంచి తాటి మొద్దుల మీద ఆయనే నడవాలి.

ఇట్లు,
గుంటూరు నుంచి, పాత జీపు యజమాని ఒకడు