పైపుల మీద చెట్లు, స్లాబు మీద పార్కు

సంపాదకులు గారికి నమస్కారం,

హైదరాబాద్ పడమటి వైపు కొత్త ప్రాజెక్టుల యాడ్స్ పేపర్లో ఫుల్ పేజీల్లో వస్తున్నాయి కదండీ, అన్నిట్లోనూ పచ్చటి లాన్, వరసగా పామ్ చెట్లు, మధ్యలో సైకిల్ తొక్కే పిల్లలు. ఆ లాన్ కింద ఏముందో మాత్రం ఎవరూ చూపించరు. నా గోల దాని గురించే.

రూల్స్ లేవని కాదు. 2012 నాటి జీవో 168 (బిల్డింగ్ రూల్స్ జీవో) ప్రకారం హైరైజ్, అంటే బాగా ఎత్తైన బిల్డింగ్, కడితే సైటు చుట్టూ సెట్‌బ్యాక్‌లో (బిల్డింగ్‌కీ సైటు హద్దుకీ మధ్య వదిలే ఖాళీలో) 2 మీటర్ల వెడల్పున మొక్కలుండాలి, ఫైరింజన్ తిరగడానికి 7 మీటర్లు ఖాళీగా ఉండాలి, ఇవి కాక 10 శాతం ఓపెన్ స్పేస్ వేరే. బానే ఉంది. కానీ డ్రైనేజీ లైను పోవాల్సిందీ అదే సెట్‌బ్యాక్‌లోంచే, వాననీళ్ల కాలువా అక్కడే, కరెంటు కేబుళ్లు, ఫైర్ పైపు, ఇంకుడు గుంతలు, ఆఖరికి ఇంటర్నెట్ వాళ్ల గొట్టాలు కూడా అక్కడే, ఎందుకంటే మిగతా సైటంతా సెల్లార్ తినేస్తుంది. కనెక్షన్ ఇవ్వొచ్చని వాటర్ బోర్డు చెప్పే ఫీజిబిలిటీ ఒక ఫైలు, కరెంటు వాళ్ల ఎస్టిమేట్ ఇంకో ఫైలు, అభ్యంతరం లేదని ఫైర్ వాళ్లిచ్చే ఎన్‌వోసీ మరోటి. ల్యాండ్‌స్కేప్ డ్రాయింగ్ అయితే చాలాసార్లు బ్రోచర్ కోసం గీసిందే. ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టి, ఈ చెట్టు కింద ఏ పైపు ఉంది అని అడిగే నాథుడు లేడు.

మా అపార్ట్‌మెంట్లో (బిల్డర్ పేరు ఇక్కడ వద్దులెండి) చుట్టూ కోనోకార్పస్ నాటారు, తొందరగా గోడలా కమ్ముకుంటుంది, ఫోటోల్లో బాగుంటుంది. సరిగ్గా డ్రైనేజీ లైను పక్కనే. కొన్నాళ్లకి మ్యాన్‌హోళ్లు పొంగడం మొదలైంది, తవ్వి చూస్తే పైపు జాయింట్ల నిండా వేర్లు. గుజరాత్‌లో ఈ మొక్కని నాటొద్దని 2023లోనే ఆపేశారు, మనకి మాత్రం ఇంకా ముద్దే. చెట్లు కొట్టేద్దామా పైపు మారుద్దామా అని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో జరిగిన గొడవ చెప్తే మీ పేజీ చాలదు. అసలు పైపు ఎటు నుంచి ఎటు పోతుందో డ్రాయింగ్ ఇమ్మంటే, ఆ ఇంజినీరు మానేసి వెళ్లిపోయాడు అన్నారు. అంటే డ్రాయింగ్ ఆయన జేబులో పెట్టుకుపోయాడా? 2016 రెరా చట్టం (ఇళ్లు కొనేవాళ్ల కోసం తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) సెక్షన్ 17 ప్రకారం బిల్డర్ ప్లాన్లన్నీ అసోసియేషన్‌కి అప్పజెప్పాలి. అలాగే సెక్షన్ 14లో ఉన్న 5 ఏళ్ల గ్యారంటీ పిల్లర్లకీ స్లాబులకీ మాత్రమే అనుకుంటారు చాలామంది, కాదండి, పనితనంలో లోపాలకీ సర్వీసుల్లో లోపాలకీ కూడా వర్తిస్తుంది.

ఇక సెల్లార్ స్లాబు మీద మట్టి పోసి పార్కు అంటారు చూడండి, దాంట్లో పడ్డ వాన చుక్క భూమిలోకి ఎలా దిగుతుంది? అసలే మనది రాతి నేల, నీళ్లు ఇంకడమే కష్టం. పైన కొరియన్ గ్రాస్ వేస్తారు, ఎండాకాలం దానికి రోజూ తడి పెట్టాలి. ఎస్టీపీ (మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు) నీళ్లు వాడతాం అంటారు, అది సరిగ్గా నడవక నీళ్లు కంపు కొడితే గడ్డికి కూడా ట్యాంకరే. ఆ డబ్బులు మన మెయింటెనెన్స్‌లోంచే. నాలుగు వేప, కానుగ, పొగడ చెట్లు అసలు నేలలో పాతితే నీడకి నీడ, రోజూ నీళ్లడగవు. అవి ఎదిగేదాకా ఆగే ఓపిక అమ్మేవాళ్లకీ లేదు, కొనేవాళ్లకీ లేదు.

2020లో టీఎస్ బీపాస్ (ఆన్‌లైన్‌లో బిల్డింగ్ పర్మిషన్లిచ్చే పద్ధతి) తెచ్చినప్పుడు 21 రోజుల్లో పర్మిషన్ ఇవ్వాలని పెట్టారు, మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. తొందరపడకూడనిది ఓసీ (కట్టాక జనం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) దగ్గర. సెట్‌బ్యాకులు కొలిచి, అంతస్తులు లెక్కపెట్టి వెళ్లిపోతే ఎలా? మ్యాన్‌హోల్ మూత తీసి నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడాలి, ఇంకుడు గుంత నిజంగా గుంతో, పైన జాలీ పెట్టిన సిమెంటు తొట్టో చూడాలి. పైపులూ కేబుళ్లూ చెట్లూ కలిపి వేసిన ఒకే మ్యాపు, కట్టింది కట్టినట్టు గీసింది, ఆన్‌లైన్‌లో పెడితేనే ఓసీ ఇవ్వాలి. ఎలాగూ బిల్టప్ ఏరియాలో 10 శాతం ఓసీ దాకా పర్మిషన్ ఇచ్చే ఆఫీసు దగ్గర తనఖాలో ఉంటుంది కదా, దాంట్లో కొంత భాగం ఒక ఎండాకాలం ఒక వానాకాలం గడిచేదాకా వదలకుండా ఉంచితే చాలు, పనులు వాటంతటవే నాణ్యంగా అవుతాయి. ఖర్చు పెరుగుతుందని బిల్డర్లు అంటారేమో, మ్యాపు గీయడానికి అయ్యే ఖర్చు క్లబ్‌హౌస్‌లో ఒక షాండ్లియర్ అంత కూడా ఉండదు.

మీ రిపోర్టర్ని ఎవరినైనా ఈమధ్యే ఓసీ వచ్చిన ఒక నాలుగైదు ప్రాజెక్టులకి పంపి, డ్రైనేజీ లైను ఎక్కడుందో చూపించే కాగితం ఇమ్మని అడిగించండి సార్. ఎంతమంది ఇస్తారో ప్రింట్ చేయండి.

— ఒక అపార్ట్‌మెంట్ వాసి, హైదరాబాద్