సైన్స్ వారోత్సవాలు జనానికి అందాలి

విశ్వవిద్యాలయాల్లో సైన్స్ వారోత్సవాల ఉపన్యాసాలు పేరుకే బహిరంగం, ఊళ్లో జనానికి వాటి సంగతే తెలియడం లేదు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ ఆవిష్కరణకు గుర్తుగా 1987 నుంచి జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుతున్నది సైన్స్‌ను సామాన్యులకు చేరువ చేయడానికే కదా! మా ఊరి వర్సిటీలో మాత్రం ఉపన్యాసాలన్నీ పనిరోజుల్లో, పొద్దున పదకొండింటికి పెడుతున్నారు. ఆ వివరాలు డిపార్ట్‌మెంటు నోటీసు బోర్డు దాటి బయటకు రావు. ఐడీ కార్డు లేదని ఇద్దరు ఇంటర్ పిల్లలను గేటు దగ్గరే సెక్యూరిటీ వాళ్లు వెనక్కి పంపేశారు. తీరా లోపలికి వెళ్లి చూస్తే సగం కుర్చీలు ఖాళీ! ఉపన్యాసాలను సాయంత్రం ఆరు తర్వాత, కొన్నయినా తెలుగులో ఏర్పాటు చేయాలి. వివరాలను ముందుగానే పత్రికలకు, చుట్టుపక్కల జూనియర్ కాలేజీలకు పంపాలి. ఆ వారం రోజులూ గేటు దగ్గర పేరు రాయించుకుని ఎవరినైనా లోపలికి రానివ్వాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు