తీరని సమస్య తీరిందని ఎవరు రాశారు?

సర్వీసు మేనేజర్ గారికి,

అయ్యా,

నేను భీమవరంలో రొయ్యల మేత డీలర్ని. తొమ్మిదేళ్లుగా మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేరే వాడుతున్నాను. ఏఎంసీ డబ్బు, అంటే ఏటా కట్టే మెయింటెనెన్స్ డబ్బు, ఒక్క ఏడాది కూడా ఆలస్యం చెయ్యలేదు. ఉండి ఊళ్లో ఇద్దరు, కాళ్ల ఊళ్లో ఒకరు నా మాట మీదే మీ దగ్గర కొన్నారు. అలాంటి నేను చెప్పేది ఈ వారంలో ఒక్కరూ చివరిదాకా వినలేదు.

సోమవారం మీ ఇంజనీరు మా ఆకివీడు బ్రాంచిలో కొత్త సర్వర్ పెట్టి వెళ్లాడు. ఆ సాయంత్రం నుంచి ఇక్కడ కూర్చుని అక్కడికి స్టాకు ఎక్కిస్తుంటే, ఆకివీడు సర్వర్ ఆర్‌పీసీకి (ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్లోని ప్రోగ్రాం నడపడానికి) కాన్ఫిగర్ కాలేదంటూ 7411 ఎర్రర్ వస్తోంది.

మంగళవారం హెల్ప్‌లైన్ అమ్మాయి నెట్ ప్రాబ్లం అంది. "అమ్మా, ఆకివీడు గోడౌన్ పాత స్టాకు నా స్క్రీన్ మీద కనబడుతోంది. నెట్ లేకపోతే ఎలా కనబడుతుంది?" అన్నాను. "మీ నెట్ వాళ్లతో మాట్లాడండి సార్" అని పెట్టేసింది. కేబులబ్బాయిని పిలిపించాను, లైను బాగానే ఉందన్నాడు. బుధవారం ఇంకొకాయన కథంతా మొదటి నుంచి చెప్పించుకుని సర్వర్ రీస్టార్ట్ చెయ్యమన్నాడు. రెండుసార్లు చేశాం. గురువారం ఫైర్‌వాల్‌లో 1433 పోర్టు తెరవమన్నారు. అది మీ ఇంజనీరే తెరిచాడంటే, సీనియర్ ఫోన్ చేస్తారన్నారు. రాత్రి తొమ్మిదిన్నర దాకా కొట్టు కట్టెయ్యకుండా కూర్చున్నాను. ఎవరూ చెయ్యలేదు. శుక్రవారం పొద్దున్నే మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ క్లోజ్ చేశాం. అది చదివాక నాకు చేతులు వణికాయి.

శనివారం తెల్లారేసరికి ఆకివీడు కొట్టు ముందు ఏడుగురు రైతులు. లారీలో పంపిన బస్తాలు లోపలే ఉన్నాయి, కంప్యూటర్లో ఎక్కలేదు కాబట్టి బిల్లు రాదు. మా గుమస్తా కార్బన్ పెట్టి చేత్తో రాశాడు. కింద కాపీలో అంకెలు సరిగ్గా పడక, ఒక పెద్దాయన ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని "ఇది మూడా, ఎనిమిదా బాబూ?" అని అడిగాడు. మా మీద ఇన్నాళ్ల నమ్మకంతో వచ్చిన మనిషి ఆయన.

చివరికి ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు చూశాడు. కొత్త సర్వర్ని ఇక్కడ లింక్డ్ సర్వర్‌గా కలిపినప్పుడు "ఆర్‌పీసీ అవుట్" ఆప్షన్ ఫాల్స్‌లోనే వదిలేశారు. అలా ఉంటే అవతలి టేబుల్స్ చదవొచ్చు గానీ, అక్కడి స్టోర్డ్ ప్రొసీజర్‌ని, అంటే ఆ సర్వర్లో దాచి ఉంచిన ప్రోగ్రాంని, ఇక్కణ్నుంచి నడపలేం. మంగళవారం నేను మొత్తుకున్నది ఇదే కదా! దాన్ని ట్రూ చేస్తే సరిపోతుంది, ఒక్క నిమిషం పని. కానీ అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంది.

రేపు సాయంత్రంలోగా దాన్ని మార్చండి, లేదా ఆ పాస్‌వర్డ్ నాకిచ్చెయ్యండి. సర్వర్ నా డబ్బుతో కొన్నది. మళ్లీ ఇలాగే తిప్పితే వచ్చే నెల ఏఎంసీ చెక్కు రాయను. ఉండి, కాళ్ల వాళ్లకు నేనే ఫోన్ చేసి జరిగిందంతా చెబుతాను. ఇంకొకటి, ఆ టికెట్ తిరిగి తెరిచి, సమస్య తీరిందని రాసిందెవరో ఆ మనిషి చేతే నాకు ఫోన్ చేయించండి.

ఇట్లు,
తొమ్మిదేళ్లుగా మీ కస్టమర్,
భీమవరం