కుంకీలు వచ్చాయి సరే, కందకాల మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

2025 మేలో కర్ణాటక మన రాష్ట్రానికి కుంకీలను, అంటే అడవి ఏనుగులను తరమడానికి తర్ఫీదు పొందిన ఏనుగులను, అప్పగించింది. పలమనేరు చుట్టుపక్కల రైతులం సంతోషించాం. కానీ కుంకీ పని పొలంలో దిగిన అడవి ఏనుగుల గుంపును అడవిలోకి మళ్లించడం వరకే. కౌండిన్య అభయారణ్యంలో మేత, నీళ్లు కరువైతే అదే గుంపు మళ్లీ చెరకు తోటలోనే తేలుతుంది. పెద్ద ఏనుగుకు రోజుకు నూరు కిలోలకు పైగా మేత కావాలి మరి!

ఏనుగులు పొలాల్లోకి రాకుండా తవ్విన కందకాలు వానలకు గట్లు కూలి పూడిపోతున్నాయి. సోలార్ కంచె మీదికి చెట్టు కూలదోసి దాటడం ఏనుగులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పంట పోయి, పరిహారం చేతికందక విసిగిన కొందరు పొలం చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ లాగుతున్నారు. ఇది తప్పు. సోలార్ కంచె చురుక్కుమనిపించి వదిలేస్తుంది, లైను కరెంటు ప్రాణం తీస్తుంది. ఏనుగుదే కాదు, రాత్రిపూట నీళ్లు కట్టడానికి పోయిన మనిషిదీ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఏనుగు మొదటి షెడ్యూల్ జంతువు, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువు, చంపితే కేసు తప్పదు.

అటవీ, విద్యుత్ శాఖలు కలిసి ఈ తీగలు తనిఖీ చేయాలి. వరికోతల లోపు కందకాలు పూడిక తీయించాలి. పరిహారానికి గడువు పెట్టాలి.

– ఒక రైతు, పలమనేరు మండలం, చిత్తూరు జిల్లా