గాయపడిన వీధి కుక్కల సంరక్షణ నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

విజయవాడ రామవరప్పాడు రింగు పరిసరాల్లో వాహనాల కింద పడి గాయపడిన వీధి కుక్కల కోసం కాలనీవాసులు ఇచ్చిన సొమ్ముకు లెక్క ఇది. 2024 ఏప్రిల్ 1 నుండి 2025 మార్చి 31 వరకు.

జమ
గత ఏడాది నిల్వ: రూ. 6,240
ఇంటింటి చందాలు: రూ. 58,500
ఫోను ద్వారా అందినవి: రూ. 41,350
వినాయక చవితి లడ్డూ వేలంపాట నుండి: రూ. 15,000
పాత వార్తాపత్రికల అమ్మకం: రూ. 3,160
మొత్తం: రూ. 1,24,250

ఖర్చు
ఆపరేషన్లు రెండు: రూ. 31,000
ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, మందులు: రూ. 14,380
టీకాలు: రూ. 2,100
సంరక్షకురాలి జీతం, ఆరు నెలలు: రూ. 30,000
తిండి: రూ. 12,450
ఆటో కిరాయి: రూ. 9,700
డైపర్లు, దూది, కట్టుగుడ్డలు, పరుపులు: రూ. 8,620
చక్రాల బండి: రూ. 2,800
మొత్తం: రూ. 1,11,050
నిల్వ: రూ. 13,200

చాలామంది నిలదీసిన పద్దు జీతం. కుక్కలను చూసినందుకు వాచ్‌మన్ భార్యకు నెలకు 5,000 రూపాయలా అన్నారు. తొడ ఎముక విరిగిన కుక్కకు ప్లేటు వేయడం ఒక పూటలో అయిపోయింది. ఎముక అతకడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. అన్నాళ్ళూ దాన్ని గెంతనివ్వకూడదు, అలాగని కాలు బిగుసుకుపోనివ్వనూ కూడదు. పశువైద్యుడు చూపించిన పద్ధతిలో ఒక్కో కీలును మెల్లగా వంచి, చాచి, కండ మర్దన చేసింది ఆమే. కుట్లు మానాక, ఒక ఇంటివారు ఇచ్చిన పిల్లల గాలి తొట్టిలో నీళ్ళు నింపి నడిపించింది. నీళ్ళు బరువును కొంత మోస్తాయి కనుక నొప్పి పెట్టే కాలును కూడా కుక్క ధైర్యంగా మోపుతుంది.

వెన్నెముక దెబ్బతిని వెనక కాళ్ళు పడిపోయిన కుక్క పని ఇంకా కష్టం. దానికి మూత్రం దానంతట అది రాదు. రోజుకు మూడు నాలుగు సార్లు పొత్తికడుపు నొక్కి తీయాలి, లేకపోతే లోపల నిలిచి చీము పడుతుంది. కొన్ని గంటలకోసారి పక్క మార్చకపోతే తుంటి దగ్గర పుండ్లు పడతాయి. చందా ఇచ్చినవారిలో ఈ పని చేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. 5,000 తక్కువే అని మా అభిప్రాయం.

చక్రాల బండిని ప్లాస్టిక్ గొట్టాలు, పిల్లల సైకిలు చక్రాలతో కొలత ప్రకారం ఇక్కడే చేయించాం. రోజంతా అందులో ఉంచితే పట్టీలు ఒరుసుకుంటాయి కాబట్టి పూటకు కాసేపే కడుతున్నాం.

ముందు కాలు తీసేయాల్సి వచ్చిన కుక్క గురించి చాలా భయపడ్డాం. కుక్క బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళే మోస్తాయి. అది మాత్రం కుట్లు విప్పకముందే చెత్తబండి వెంట పడింది.

ఎక్స్‌రేలకు గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళాం కనుక ఖర్చు తగ్గింది, ఆటో కిరాయి పెరిగింది. ఆటోవాళ్ళు రసీదులు ఇవ్వరు. ప్రతి ప్రయాణానికీ నోటుపుస్తకంలో తేదీ, సొమ్ము రాసి సంతకం తీసుకున్నాం.

కొందరు ఇళ్ళలో మిగిలిన నొప్పి మాత్రలు తెచ్చి ఇచ్చారు. వాటిని వాడలేదు. మనం వేసుకునే ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. దయచేసి ఇకపై తేవద్దు.

కోలుకున్న కుక్కలను ఊరవతల వదిలేయమన్న అర్జీని కమిటీ ఒప్పుకోలేదు. సంతాన నిరోధక ఆపరేషన్, టీకా అయిన కుక్కను పట్టిన చోటే వదలాలని 2023 జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. నగరపాలక సంస్థ ద్వారా సంతాన నిరోధక ఆపరేషన్ అయిన రెండు కుక్కలు వాటి వీధుల్లోనే ఉన్నాయి. వెనక కాళ్ళు పడిపోయినది వాచ్‌మన్ గది దగ్గరే ఉంటుంది.

ఆపరేషన్లకు అడిగితే ఒక్క సాయంత్రంలో సొమ్ము వచ్చింది. ఆ తర్వాతి జీతం, తిండి, ఆటో, డైపర్లు, బండికి కలిపి రూ. 63,570 అయింది, అంటే ఆపరేషన్ల ఖర్చుకు రెట్టింపు పైనే. అందుకే ‘ఆపరేషన్‌కు మాత్రమే’ అని షరతు పెట్టే చందాలను ఈ ఏడాది నుండి తీసుకోవడం లేదు. నిల్వలో 10,000 రెండు నెలల జీతానికి కేటాయించాం, మిగిలిన 3,200 డైపర్లకు. రసీదులు, నోటుపుస్తకం కోశాధికారి వద్ద ఉన్నాయి, ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి చూడవచ్చు.

— కార్యదర్శి, కోశాధికారి