మార్కులు భద్రంగా ఉన్నాయి, ఇక ఇంటి సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత సోమవారం మన ఆఫీసు కంప్యూటర్ పాడైనప్పటి నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో ఏమేమి తిరుగుతున్నాయో నా దాకా వచ్చింది. మార్కులన్నీ పోయాయని, పరీక్షలు మళ్లీ పెడతారని, కట్టిన ఫీజుల లెక్క కూడా మిగల్లేదని రాసుకున్నారు. వీటిలో ఒక్కటీ నిజం కాదు. మార్కులు ఉన్నాయి, ఫీజుల లెక్కలు ఉన్నాయి, ఏ తరగతికీ పరీక్ష మళ్లీ పెట్టడం లేదు. అనుమానం రాగానే నేరుగా ఆఫీసుకు ఫోను చేసి అడిగిన కొద్దిమందికి నా కృతజ్ఞతలు. మిగతావారు కూడా అదే పని చేసి ఉంటే పదో తరగతి పిల్లలు అనవసరంగా దిగులుపడేవారు కారు.

జరిగింది చెబుతాను. ఆదివారం రాత్రి ఉరుముల వానకు హన్మకొండలో కరెంటు పోవడం, రావడం చాలాసేపు సాగింది. తెల్లవారి కంప్యూటర్ వేస్తే ఫైళ్లన్నీ దాచే హార్డ్ డిస్క్ టకటకమని కొట్టుకుందే తప్ప విండోస్ తెరుచుకోలేదు. లోపల పళ్లేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరిగే యంత్రం అది; ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఒకనాటికి ఆగుతుంది. మన కంప్యూటర్ సార్ ప్రతి శుక్రవారం సాయంత్రం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి (బయట తగిలించే డిస్క్‌లోకి) బ్యాకప్, అంటే ఫైళ్ల నకలు తీసి, దాన్ని ఊడదీసి బీరువాలో పెడతారు. కొత్త డిస్క్ బిగించి, శుక్రవారం నాటి ఫైళ్లన్నీ వెనక్కి తెచ్చుకున్నాం. శనివారం ఎక్కించిన ఏడో తరగతి లెక్కల మార్కులను మాత్రం రిజిస్టర్ చూసి మళ్లీ ఎక్కించాం. బుధవారం మధ్యాహ్నానికి ఆఫీసు పని మామూలైంది.

మిగతా విషయాలు క్లుప్తంగా: బడిలో బతుకమ్మ ఆట సెలవులకు ముందు రోజు ఉంటుంది, పూలు ఇంటి నుంచే తేవాలి. రెండో విడత ఫీజు సెలవుల లోపు కట్టండి. కాజీపేట బస్సు ఇకపై పది నిమిషాలు ముందు బయలుదేరుతుంది. సెలవుల హోంవర్క్ డైరీలో ఉంది, దయచేసి తెరిచి చూడండి.

పాడైన ఆ ఆఫీసు డిస్క్‌లో మార్కులకన్నా నాకు ప్రాణమైనవి వేరే ఉన్నాయి. మన తొమ్మిదో తరగతి పిల్లలు ఈ ఏడాది సోషల్ ప్రాజెక్టు కోసం కొత్తవాడ వెళ్లి, మగ్గాల మీద దర్రీలు నేసే పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసుకొచ్చారు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ ఏ రంగును ఎలా కాచేవారో, నూలు దొరకని రోజుల్లో ఇల్లు ఎలా గడిచిందో ఆ ధ్రువపత్రంలో ఉండదు, ఆ పెద్దల నోటనే ఉంది. మరికొందరు పిల్లలు అమ్మమ్మల, నాయనమ్మల చేత బతుకమ్మ పాటలు పాడించి వీడియో తీశారు. పరకాల వైపు పాడే పాటకూ నర్సంపేట వైపు పాడే పాటకూ చరణాలు ఎలా మారతాయో పిల్లలే గమనించి రాసుకున్నారు. రామప్ప గుడికి 1213 నాటి శాసనం ఉంది కాబట్టి దాన్ని రేచర్ల రుద్రుడు కట్టించాడని ఎనిమిది వందల ఏళ్ల తర్వాత మనం చెప్పగలుగుతున్నాం. కొత్తవాడ తాతకు, పరకాల నాయనమ్మకు శాసనం ఎవరు వేయిస్తారు? మన పిల్లలు తీసిన ఆ రికార్డింగులే వాళ్ల శాసనాలు. అవి పోతే మరో బడి దగ్గరో, మరో ఆఫీసులోనో నకలు దొరకదు. అందుకే ఈ పని మీద నాకింత పట్టుదల.

ఇక్కడ ఇద్దరు పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. తొమ్మిదో తరగతి బి సెక్షన్ అమ్మాయి ఒకరు ప్రతి రికార్డింగుకూ తేదీ, ఊరు, పాడినవారి వయసు కలిపి ఫైలు పేరు పెట్టింది. ఎవరూ చెప్పకుండానే తరగతి మొత్తానికీ అదే పద్ధతి నేర్పింది. ఆమె పక్కన కూర్చునే అబ్బాయి ఒకరోజు నా గదికి వచ్చి, "మేడం, ఆఫీసు కింది అంతస్తులో ఉంది, బీరువా కూడా కిందనే ఉంది, వరద వస్తే రెండూ మునుగుతాయి కదా" అన్నాడు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో మన నగరంలో కాలనీలకు కాలనీలే నీటిలో ఉండటం చూసిన పిల్లవాడు కదా. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే చోట అని కంప్యూటర్ పాఠంలో చెప్పే నియమాన్ని అంత సూటిగా మన బడికి వర్తింపజేసిన అతన్ని చూసి ఎంత పొంగిపోయానో మాటల్లో చెప్పలేను. ఆ రోజు నుంచి రెండో డిస్క్ కూడా కొని, వారం మార్చి వారం ఒకదాన్ని మరో పేటలో ఉన్న మన కరస్పాండెంట్ గారి ఇంటికి పంపుతున్నాం.

ఇక మీతో మాట్లాడవలసిన మాట. ఇదే వారం ఒక పాప ఏడుస్తూ వచ్చింది. నాయనమ్మ పాట వీడియో ఇంట్లో నాన్నగారి ఫోనులో మాత్రమే ఉంది; ఫోను నిండిందని పెద్దవారు ఎవరో చెరిపేశారు. ఆ నాయనమ్మకు ఇప్పుడు గొంతు బాగాలేదు, మళ్లీ పాడలేరు. ఎవరినీ నిందించడం నా ఉద్దేశం కాదు. కానీ రోజూ పొద్దున వచ్చే పూల బొమ్మలు, శుభోదయాలు ముందు చెరపండి. పిల్లల పని ముట్టుకునే ముందు పిల్లల్ని ఒక్క మాట అడగండి. ఫోటోలన్నీ గూగుల్ ఫోటోస్‌లో ఉన్నాయి కదా అని మీలో చాలామంది అంటారు. అక్కడికి చేరిన ఫోటోను ఫోనులోని గూగుల్ ఫోటోస్ యాప్‌లో చెరిపితే అక్కడ కూడా చెరుగుతుంది, చెత్తబుట్టలో 60 రోజులు ఉండి పోతుంది. అది బ్యాకప్ కాదు. కంప్యూటర్‌లోని ఫైళ్లను కట్ చేసి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పేస్ట్ చేయడమూ బ్యాకప్ కాదు. ఉన్న ఒక్క కాపీ చోటు మారిందంతే. సి డ్రైవ్ నుంచి డి డ్రైవ్‌కు కాపీ చేసి నిశ్చింతగా ఉండేవారు కూడా ఉన్నారు. చాలా ఇళ్లలో ఆ రెండూ ఒకే డిస్క్‌లోని రెండు భాగాలు, పోతే కలిసే పోతాయి.

చేయవలసింది కష్టమైన పని కాదు. మామూలు ఇంటికి ఒక టెరాబైట్ డిస్క్ చాలు. కొత్తదైతే మంచిది; పాతదైతే అందులో ఉన్న పెళ్లి వీడియోలు ముందు వేరే చోట పెట్టండి, సిద్ధం చేసేటప్పుడు చెరిగిపోవచ్చు. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి ఫైల్ హిస్టరీ ఆన్ చేయండి. డిస్క్ తగిలించి ఉన్నంతసేపు అది గంటకోసారి డాక్యుమెంట్లు, ఫోటోలు, డెస్క్‌టాప్ మీద మారిన ఫైళ్లను తీసుకుంటుంది. డి డ్రైవ్‌లో విడిగా పెట్టుకున్న ఫోల్డర్లను తనంతట తాను తీసుకోదు, వాటిని మీరే కాపీ చేయాలి. మ్యాక్ కంప్యూటర్ ఉన్నవారికి ఇదే పని చేసే టైమ్ మెషీన్ ఉంది. పని అయ్యాక దాచిన ఫైళ్లలో ఒకదాన్ని తెరిచి చూడండి. ఎప్పుడూ తెరిచి చూడని బ్యాకప్ మీద నాకు నమ్మకం లేదు. ఆ తర్వాత ఎజెక్ట్ నొక్కి, కంప్యూటర్ సరేనని చెప్పాకే తీగ తీయండి. రాయవలసింది కొంత అప్పటికి కంప్యూటర్ మెమరీలోనే ఉండిపోయి ఉండవచ్చు, అప్పుడు లాగితే ఫైలు సగంలో తెగుతుంది. పిల్లలు లాగేస్తున్నారని మీరు ఫిర్యాదు చేస్తారు, వాళ్లు చూసి నేర్చుకునేది ఇంట్లోనే. డిస్క్‌ను రోజంతా తగిలించి ఉంచకండి. 2017 మే నెలలో ప్రపంచమంతా పాకిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై లాంటి వైరస్‌లు కంప్యూటర్‌తో పాటు దానికి తగిలించి ఉన్న డిస్కులకూ తాళం వేస్తాయి. ల్యాప్‌టాప్ సంచిలోనే డిస్క్ పెట్టకండి, సంచి పోతే రెండూ పోతాయి.

సెలవులు ముగిశాక వచ్చే మొదటి శనివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు కంప్యూటర్ ల్యాబ్ మీకోసం తెరిచి ఉంటుంది. పైన చెప్పిన ఇద్దరు పిల్లలు, కంప్యూటర్ సార్ మీ పక్కన ఉండి చేయిస్తారు. ల్యాప్‌టాప్, ఛార్జర్, డిస్క్ తీసుకుని మీరే రండి. పిల్లల పుస్తకాల సంచిలో పెట్టి పంపవద్దు, ఈ డిస్కులు దెబ్బకు తట్టుకోవు. నాయనమ్మల, అమ్మమ్మల పాటలు మీ ఫోనులో ఉంటే ఆ ఫోను కూడా తెండి, బడి డిస్క్‌లో ఒక కాపీ పెట్టుకుంటాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు